జైసల్మేర్ తర్వాత మనమేనా?

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి అధ్యక్షుల వారికి,

నేను అనంతపురంలో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పే మాస్టర్ని. రెండేళ్లలో రిటైరవుతాను. ఇది బదిలీ కోసమో, బకాయిల కోసమో రాస్తున్న అర్జీ కాదు. ఒక వాక్యం మీద ఫిర్యాదు.

వేసవి సెలవులయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు రిపోర్టుల కట్ట నా బల్ల మీదికి వచ్చింది. రెండో సెమిస్టరు పూర్తయిన ప్రతి విద్యార్థీ ఒక పల్లెకు వెళ్లి 180 గంటలు పనిచేయాలన్నది మీరు పెట్టిన నియమమే. మంచి నియమం. ఆ పేరుతోనైనా టౌను పిల్లలు కొందరు శెనిక్కాయ చెట్టును దగ్గర నుంచి చూస్తున్నారు. రిపోర్టులు కూడా ముచ్చటగా ఉన్నాయి. స్పైరల్ బైండింగు, అట్ట మీద కాలేజీ ముద్ర, లోపల సర్పంచి పక్కన నిలబడి దిగిన ఫొటో. అయితే మొదటి పేజీ తిప్పితే చాలు, దాదాపు ప్రతి దాంట్లోనూ అదే మాట: దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వర్షం పడే జిల్లా అనంతపురం.

ఆ వాక్యం నాకు కొత్త కాదు. చదువుకునే రోజుల్లో వ్యాసరచన పోటీలో నేనూ రాశాను, బహుమతి కూడా వచ్చింది. పేపర్లలో ఉంటుంది, నాయకుల ప్రసంగాల్లో ఉంటుంది, పరిశోధన వ్యాసాల ఉపోద్ఘాతాల్లోనూ ఉంటుంది. ఈసారి మాత్రం కట్ట పక్కన పెట్టి పిల్లల్ని పిలిచాను. "ఇది ఎక్కడిది నాయనా?" అని అడిగితే "గూగుల్లో ఉంది సార్" అన్నాడొకడు. గూగుల్ సంతలాంటిది. సంతలో ఎద్దును కొన్నానంటే సరిపోదు, ఎవరి దగ్గర కొన్నావో, పళ్లు చూశావో లేదో చెప్పాలి.

ఆ రోజు ప్రాక్టికల్ మానేసి, వాతావరణ శాఖవాళ్ల జిల్లాలవారీ సగటు వర్షపాతం లెక్కలు తెరిచాం. కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చే అమ్మాయి ఒకటొకటే చదువుతుంటే ఇంకొకడు బోర్డు మీద రాస్తూ పోయాడు. జైసల్మేర్ 200 మిల్లీమీటర్ల లోపు. బికనేర్, బాడ్మేర్ 300 లోపు. జోధ్‌పూర్ 400 లోపు. గుజరాత్‌లో కచ్ కూడా మనకంటే తక్కువే. లదాఖ్‌లో లేహ్ అయితే 100 అటూ ఇటూ. అనంతపురం 550 దరిదాపుల్లో ఉంది. రాజస్థాన్ జిల్లాలు ఇంకో నాలుగు చేర్చేసరికి మన పేరు రెండో స్థానంలో కాదు కదా, పదో స్థానంలో కూడా మిగల్లేదు. అంతా కలిపి అరగంట పని.

వెనక బెంచీలో ఒకడు, వాళ్ల అవ్వ పింఛను ఎవరో ఆపేసినట్టు మొహం పెట్టి, "అయితే మనది కరువు జిల్లా కాదా సార్?" అని అడిగాడు.

ఈ ఏడాది మొత్తంలో నా తరగతిలో వచ్చిన మంచి ప్రశ్న అదే. కరువు జిల్లానే. నైరుతి మేఘం పడమటి కనుమల అవతలే సరుకంతా దించేసుకుని ఖాళీగా వస్తుంది. ఈశాన్యం కోస్తాలో ఖర్చయిపోయి ఇక్కడికి చేరేసరికి చేతులు దులుపుకుంటుంది. ఈ రాష్ట్రం వరకు తీసుకుంటే అతి తక్కువ వాన మనదే, అది నిజం. కాని మన కరువు ఏడాది మొత్తం కురిసే మిల్లీమీటర్లలో కంటే వానకూ వానకూ మధ్య ఎడంలోనే ఎక్కువగా ఉంది. నేల ఎర్రది, లోతు తక్కువ, తేమ పట్టి ఉంచదు. జూలైలో విత్తాక పూత వచ్చి ఊడలు దిగే వేళకు మూడు నాలుగు వారాలు చినుకు పడకపోతే, సెప్టెంబరులో ఎంత కురిసినా కాగితం మీద సగటు సరిపోతుంది గాని కట్టెకు కాయ ఉండదు. జైసల్మేర్ పక్కన నిలబెడితే ఈ సంగతి కనబడదు. అప్పుడు మన రోగానికి మందు ఎక్కడి నుంచో కాలువ తేవడం ఒక్కటే అనిపిస్తుంది. ఎడం గురించి ఆలోచిస్తే వేరే మందులు తోస్తాయి. ఫారంపాండులో నిలిపిన నీళ్లతో ఒక్క రక్షక తడి, శెనిక్కాయలో కంది సాళ్లు, త్వరగా కోతకొచ్చే విత్తనం. పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ల ఐసీజీవీ 91114 శెనిక్కాయ రకాన్ని మన రైతులు తమ చేలల్లో తామే వేసి చూసి ఎంచుకున్నది అందుకే. అంటే పిల్లవాడు మొదటి పేజీలో ఆ వాక్యం రాసిన క్షణానే చివరి పేజీలో అతని సూచనలు కూడా దారి తప్పాయి.

అధ్యక్షుల వారూ, వాక్యం తప్పయినందుకు పిల్లల్ని తప్పుపట్టే ముఖం నాకు లేదు. నాది పాతికేళ్ల పాత బాకీ ఒకటుంది. అది చెప్పి ముందుకు పోతాను.

2000 సంవత్సరం ఖరీఫ్. నేను ఉద్యోగంలో కొత్త. ఒక ఆదివారం పొద్దున మా మేనమామ తువ్వాలులో నాలుగు శెనిక్కాయ చెట్లు చుట్టుకుని బస్సు దిగి ఇంటికొచ్చాడు. "అల్లుడూ, నువ్వు చెట్ల చదువే కదా చదివింది, ఇదేం రోగమో చూడు" అన్నాడు. మొవ్వ ఎండిపోయింది, ఆకుల మీద మచ్చలున్నాయి. చూసీ చూడగానే "మొవ్వుకుళ్ళు మామా" అన్నాను. ఎమ్మెస్సీలో చదివిన పేజీ కళ్ల ముందు కదిలింది మరి. తామరపురుగు తెస్తుంది, దానికి మందు కొట్టు అన్నాను. ఆయన నా మాట మీద అప్పు చేసి రెండుసార్లు కొట్టాడు. కాండం మీద పైనుంచి కిందికి నల్లగా సాగిన చారలను నేను చూడనే లేదు. మొవ్వుకుళ్ళు పట్టిన చెట్టు గిడసబారి, పక్క కొమ్మలు గుబురుగా వేస్తుంది. మామ తెచ్చినవి నిలువునా మాడిపోతున్నాయి. చూడాల్సిన తేడా నా చేతిలోనే ఉంది.

ఆ ఏడు జిల్లాలో దాదాపు 2,25,000 హెక్టార్లలో పంట పోయింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా. మొదట్లో చాలామంది నాలాగే మొవ్వుకుళ్ళు అనుకున్నారు. ఇక్రిశాట్‌లో డి.వి.ఆర్. రెడ్డి గారి బృందం మాత్రం అనుకోవడంతో ఆగలేదు. మొవ్వుకుళ్ళు వైరస్‌ను పట్టే యాంటీసీరంతో ఎలైజా పరీక్ష చేస్తే స్పందన రాలేదు. ఇంకొకటి, మరొకటి వేసి చూస్తూ పోతే టొబాకో స్ట్రీక్ వైరస్‌ దగ్గర తేలింది. స్కాట్లండ్ శాస్త్రవేత్తలతో కలిసి వాళ్లు రాసిన పత్రం 2002లో 'ప్లాంట్ డిసీజ్' పత్రికలో వచ్చింది. ఇప్పుడు మనం కాండం కుళ్ళు వైరస్ తెగులు అంటున్నది అదే.

ఇందులో నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉండే భాగం ఆ వైరస్ కాపురం ఎక్కడన్నది. గట్ల మీద తెల్ల పూలతో ఊగే వయ్యారిభామ, మన ఊళ్లలో కాంగ్రెస్ గడ్డి అంటామే, అందులో. ఆ మొక్కకు ఏ రోగ లక్షణమూ కనబడదు, పచ్చగా నవనవలాడుతుంది. వైరస్ దాని పుప్పొడిలో ఉంటుంది. తామరపురుగు ఒంటికి పుప్పొడి అంటుకుని శెనిక్కాయ ఆకు మీద రాలుతుంది. పురుగు ఆకును గీకిన చోట వైరస్ లోపలికి దిగుతుంది. మొవ్వుకుళ్ళులో వైరస్ తామరపురుగు కడుపులో పెరుగుతుంది. ఇక్కడ ఆ పురుగు వట్టి మూటలు మోసే కూలీ. అలాంటప్పుడు పురుగు మీద మందు కొట్టడం కంటే, గట్టు మీది గడ్డిని పూతకు రాకముందే పీకడం, చేను చుట్టూ నాలుగు సాళ్లు ఎక్కువే జొన్నో సజ్జో అడ్డంగా వేయడం మేలు. ఈ సంగతి పేపర్లో చదివిన రోజు మామ అన్న మాట ఇది: "ఆ గడ్డి మన గట్టు మీదే ఉండె కదా అల్లుడూ. చెప్పింటే ఊరికే పీకేసేవాణ్ణి."

నాకు తెలియకపోవడం తప్పు కాదు, ఆ నెలలో అది ఎవరికీ తెలియదు. తెలియని దాన్ని తెలిసినంత గట్టిగా చెప్పడం తప్పు. "పోలికలున్నాయి గాని ఖాయంగా చెప్పలేను, రేకులకుంట పరిశోధన స్థానానికి తీసుకుపో" అని ఉంటే కనీసం రెండు స్ప్రేల అప్పు మిగిలేది. ఐదేళ్ల చదువులో నాకు తెగుళ్ల పేర్లు వందలు నేర్పారు. ఒక తెగులుకు ఆ పేరు ఎవరు, ఏ పరీక్ష చేసి పెట్టారో, అది ఎక్కడ చదవాలో, చదివితే ఎంతవరకు నమ్మాలో ఒక్కరూ నేర్పలేదు. నేనూ నా పిల్లలకు నేర్పకుండానే ఇన్నేళ్లు జీతం తీసుకున్నాను.

ఇప్పుడు అదే చెట్టును ఎవరైనా తువ్వాలులో చుట్టి తెస్తే, మన విద్యార్థి ఫోన్ తీస్తాడు. ముందు పురుగుమందు అమ్మేవాడి వీడియో వస్తుంది. తర్వాత చాట్‌జీపీటీ, అడగ్గానే అందంగా చెబుతుంది. ఈ ఏడాది రిపోర్టుల్లో ఒకదాని చివర ఇచ్చిన ఆధారాలను వెతికి చూశాను. పత్రిక పేరు నిజం, సంపుటి సంఖ్య నిజం, ఆ పేజీల్లో మాత్రం వేరే వ్యాసం ఉంది. విద్యార్థి చూపిన వ్యాసం భూమ్మీద లేదు. ఆ కుర్రాడు మోసగాడు కాడు. అది లేదని తెలిసి నాకంటే ఎక్కువ కంగారుపడ్డాడు.

లేని వ్యాసం ఒక బెడద అయితే, ఉండీ విలువ లేని వ్యాసం ఇంకో బెడద. ఇది మనకు దూరపు ముచ్చట కూడా కాదు. హైదరాబాద్ కేంద్రంగా వందల పత్రికలు నడిపిన ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. వ్యాసాలను నిపుణులు పరిశీలిస్తారని చెప్పి పరిశీలించకుండానే వేస్తున్నారని, రుసుము సంగతి ముందు చెప్పడం లేదని, ఒప్పుకోని వాళ్ల పేర్లు సంపాదకులుగా పెట్టారని ఆరోపణ. 2019 మార్చిలో నెవాడా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పిచ్చింది. ఇలాంటి పత్రికల నుంచి కాపాడడానికి యూజీసీ నడిపిన కేర్ జాబితాను కూడా 2025లో ఎత్తేశారు. ఏది మంచి పత్రికో ఎవరికి వారే తేల్చుకోవాలన్నారు. తేల్చుకోవడం ఎలాగో ఏ సెమిస్టరులో నేర్పుతున్నామో మీరే చెప్పాలి.

నేర్పడం అనగానే మనవాళ్లు పది ప్రశ్నల పట్టిక ఒకటి తయారు చేస్తారని నా భయం. సైటు పేరు చూడు, తేదీ చూడు, లోగో ఉందా, రచయిత డాక్టరేనా. దొంగ సైటువాడికి ఇవన్నీ మనకంటే బాగా తెలుసు. స్టాన్‌ఫర్డ్‌లో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ అనే ఇద్దరు 10 మంది చరిత్ర పరిశోధకులను, 10 మంది వృత్తి నిజనిర్ధారకులను, 25 మంది విద్యార్థులను కూచోబెట్టి వెబ్‌సైట్లు చూపించారు. పెద్ద చదువుల చరిత్రకారులూ, విద్యార్థులూ ఆ పేజీలోనే ఉండి పైనుంచి కిందికి చదువుతూ లోగోలకు, పేర్లకు పడిపోయారు. నిజనిర్ధారకులు పేజీ తెరిచిన కాసేపటికే దాన్ని వదిలేసి, దాని గురించి బయట ఎవరేమంటున్నారో చూడ్డానికి పోయారు. త్వరగా తేల్చిందీ, సరిగ్గా తేల్చిందీ వాళ్లే.

దీనికి అమెరికా దాకా పోనక్కర్లేదు. మా రైతు అరెకరం కొనేటప్పుడు చేసేదదే. అమ్మేవాడు చూపించే కాగితాన్ని ఎంతసేపు తిప్పి తిప్పి చదువుతాడు? తీసి పక్కన పెడతాడు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయిస్తాడు, అడంగల్, వన్‌బీ చూస్తాడు, చెక్కుబందీలో ఉన్న నలుగురు గట్టువాళ్లనూ టీ తాగుతూ కదిలిస్తాడు. ఆ తర్వాతే బయానా ఇస్తాడు. రెండెకరాల రైతు కొడుకు ఒక సైన్సు వాక్యాన్ని ఇలా కొనగలడు. మనం ఆ పోలిక తరగతిలో ఎప్పుడూ వాడలేదంతే.

చదవడానికి సరుకు ఎక్కడుంది అంటారా, ఇప్పుడు ఆ లోటు లేదు. 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద కేంద్రం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు పెట్టింది. 2025 జనవరి నుంచి 30 మంది ప్రచురణకర్తల 13,000 దాకా పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థల విద్యార్థులకు ఉచితం. దేశం మొత్తం మీద 1.8 కోట్ల మందికి అని లెక్క చెప్పారు. ఒకప్పుడు ఒక్క వ్యాసం కోసం హైదరాబాద్‌లో స్నేహితుడికి ఉత్తరం రాసి, జిరాక్సు వచ్చేదాకా నెల రోజులు ఎదురు చూసిన వాణ్ణి నేను. ఇప్పుడది ప్రభుత్వ కాలేజీలో ఏ పిల్లవాడి ఫోనులోకైనా వస్తుంది. సిద్ధాంత గ్రంథాలకు శోధ్‌గంగ ఉంది. ఇక్రిశాట్ తన పత్రాలను ఎవరైనా చదువుకునేలా తెరిచి పెట్టింది. మా తరగతిలో మీలో ఎంతమందికి ఇవి తెలుసని అడిగితే ఒక్క చెయ్యి లేచింది. ఆ అమ్మాయి కూడా శోధ్‌గంగ అంటే తీర్థయాత్రల పథకం అనుకుందట.

మరో అడ్డు ఉంది, దాన్ని దాచిపెట్టి లాభం లేదు. 2021 నుంచి మన డిగ్రీలన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మారాయి. కదిరి, మడకశిర, రాయదుర్గం పల్లెల నుంచి వచ్చే పిల్లలు పదేళ్లు తెలుగులో చదివి ఇక్కడికొస్తారు. వాళ్ల ముందు పన్నెండు పేజీల ఇంగ్లీషు పత్రం పెడితే మూడో వరుసలో ఆగిపోతారు. నేను ఈ ఏడు ఒక చిన్న పని చేసి చూశాను. పత్రంలో సారాంశం, ఒక పట్టిక, రెండే చదవమన్నాను. ఎన్ని మళ్లలో వేసి చూశారు, ఎన్నేళ్లు చూశారు, మందు వేయని మడి పక్కన ఉందా లేదా, ఈ మూడే తెలుగులో రాయమన్నాను. రాశారు. ఒకడైతే దిగుబడి రెట్టింపయిందన్న ఒక వ్యాసం పట్టుకొచ్చి, "ఒకే మడి సార్, ఒకే ఏడు" అని నవ్వాడు. ఇంగ్లీషు రాకపోవడానికీ ఆలోచన రాకపోవడానికీ సంబంధం లేదని నాకు ఆ నవ్వు చెప్పింది. జవాబు తెలుగులో రాసే అనుమతి ఇవ్వండి చాలు.

ఇంకొక దృశ్యం చూపిస్తాను, ఇది పల్లెల్లో ప్రాజెక్టు చేసే మన పిల్లల కళ్ల ముందే జరుగుతుంది. నీళ్ల ఫిల్టర్లు అమ్మేవాడొకడు రచ్చబండ దగ్గర రెండు గ్లాసులు పెడతాడు. ఒక దాంట్లో ఊరి బోరు నీళ్లు, రెండో దాంట్లో తన యంత్రం నీళ్లు. కరెంటు కడ్డీలున్న చిన్న పెట్టె రెంటిలోనూ ముంచుతాడు. బోరు నీళ్లు నిమిషంలో ఎర్రగా, గోధుమ రంగు బురదలా తిరుగుతాయి, వాడివి తేటగానే ఉంటాయి. "ఇన్నాళ్లూ మీరు తాగుతున్న విషం ఇదే" అంటాడు. ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. ఆ రంగు నీళ్లలోది కాదు, కడ్డీ ఇనుముది. లవణాలున్న నీళ్లలో కరెంటు పారుతుంది కనుక ఇనుము కరిగి తుప్పు తేలుతుంది. లవణాలు తీసేసిన నీళ్లలో పారదు, తేలదు. బీయస్సీ పిల్లలకు ఎలక్ట్రాలిసిస్ మార్కులకు వస్తుంది గాని రచ్చబండ దగ్గర గుర్తుకు రాదు.

అంతకంటే పెద్ద సంగతి ఆ గ్లాసు పక్కన దాక్కుంది. వాడి టీడీఎస్ మీటరు నీళ్లలో కరిగిన లవణాల మొత్తం ఎంతో చెబుతుంది, అందులో ఫ్లోరైడు ఎంతో చెప్పదు. మన జిల్లాలో ఎముకలు వంచేది ఫ్లోరైడు. భారత ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా. ఫ్లోరైడు ఎముకల్ని ఏం చేస్తుందో మన దేశంలో తొలిసారి నమోదైంది కూడా తెలుగు పల్లెల్లోనే, ఆనాటి నెల్లూరు జిల్లాలో. షార్ట్, పండిట్, రాఘవాచారి ముగ్గురూ 1937లో రాశారు. ఏ ఊరి బోరులో ఎంతుందో పరీక్ష ప్రభుత్వ ప్రయోగశాలలో చేయించవచ్చు. మన విద్యార్థి 180 గంటల్లో ఒక్క పూట ఆ నీళ్ల సీసాను అక్కడికి మోసి, వచ్చిన సంఖ్యను పంచాయతీ గోడ మీద రాయిస్తే, ఆ ఊరికి రిపోర్టు అక్కర్లేదు.

నేను అడిగేది కొత్త పేపరు కాదు, కొత్త పాఠ్యపుస్తకం అసలే కాదు. పుస్తకం వేస్తే గైడు వస్తుంది, గైడు వస్తే బిట్లు వస్తాయి, మళ్లీ అదే వాక్యం బిట్టుగా వస్తుంది. ఉన్న 180 గంటల్లోనే 20 గంటలు దీనికి కేటాయించండి. రిపోర్టులో ప్రతి విద్యార్థీ తన ఊరి గురించి అందరూ నమ్మే ఒక్క మాటను ఎంచుకుని, అది ఎవరు, ఎప్పుడు, ఏం కొలిచి చెప్పారో వెనక్కి నడుచుకుంటూ పోయి రాయాలి. మొదలు దొరక్కపోతే దొరకలేదని రాయాలి, దానికీ మార్కులుండాలి. లైబ్రేరియన్ పోస్టులు ఖాళీగా పెట్టి 13,000 పత్రికలు తెరిచామంటే తాళంచెవి బావిలో వేసి తలుపు తీశామన్నట్టు ఉంటుంది. వాటిని నింపండి. పిల్లలకంటే ముందు మా అధ్యాపకులకు నాలుగు రోజులు శిక్షణ పెట్టండి. మొదటి బెంచీలో నేను కూచుంటాను.

వచ్చే వేసవిలో నా బల్ల మీదికి వచ్చే కట్టలో జైసల్మేర్ వాక్యం ఉండి, దాని పక్కన సంఖ్య, ఆ సంఖ్య పక్కన అది తెచ్చిన చోటు లేకపోతే ఆ రిపోర్టు మీద నేను సంతకం పెట్టను. మిగతా జిల్లాల్లోనూ ఎవరూ పెట్టకుండా ఒక ఉత్తర్వు మీ దగ్గర్నుంచి రావాలని కోరుతూ,

భవదీయుడు,
వృక్షశాస్త్ర అధ్యాపకుడు,
అనంతపురం.